చివరి మూడు స్టేషన్లు

ఫిబ్రవరి 9

ఒరే చిన్నా,

ఎలా ఉన్నావు, మరదలు ఎలా ఉంది అని అడగడం నా వంతు. బాగున్నాం అని ఒక్క ముక్క రాసి చేతులు దులుపుకోవడం నీ వంతు. ఈసారి అలా కుదరదు. పేజీ నిండా జవాబు రాయాల్సిందే.

మీ కొత్త రైలు బండి మా వైపు వచ్చేసింది. మేడ మీద నుంచి చూస్తే క్వారీ గుట్ట పక్కగా, చిత్తడి నేల మీద స్తంభాల పైనుంచి వెళ్తూ కనిపిస్తోంది. నాకు చప్పుడు వినపడదు కదా, కుట్టుమిషన్ మీద గుండీల డబ్బా సన్నగా వణికితే బండి వెళ్తోందని తెలుస్తుంది. మీ బావ పైపుల పని పక్కన పెట్టి మేడెక్కి కూర్చుంటున్నారు. మొదటి రోజు నా జబ్బ పట్టుకుని లాక్కెళ్ళి, "చూడు, ముందు ఎవడూ లేడు!" అన్నారు. ఆయన పెదవులు చదవక్కర్లేకుండానే అర్థమైంది, కళ్ళు అంత చేశారు మరి. నిజంగానే ముందు అద్దం వెనక ఖాళీ. డ్రైవరు లేడు, సీటు కూడా లేదు. వట్టి బండి దానంతటదే వచ్చి, ఆగి, తలుపులు తెరిచి, ఎవరి కోసమో కాసేపు చూసి, మూసుకుని వెళ్ళిపోతోంది.

పక్క కొట్టు గడియారాల బాబాయి అయితే దాని రాకపోకలు కాగితం మీద రాసుకుంటున్నారు. నాలుగు రోజుల్లో ఒక్కసారి కూడా అర నిమిషం తేడా రాలేదట. ఆయన దృష్టిలో ఇంతకంటే గొప్ప మనిషి లేడు, అదీ మనిషే లేని బండి.

నా తమ్ముడే దానికి తలుపుల ఇంజనీరు అని వీధంతా చెప్పాను. "తలుపులకి ఇంజనీరెందుకు, గొళ్ళెం చాలదా?" అని రొట్టెల కొట్టావిడ అడిగింది. ఏం చెప్పాలో రాయి.

మార్చి రెండున మొదలు అంటున్నారు. గుట్ట చుట్టూ తిరిగే బస్సులో రెండున్నర గంటలు కూర్చుని కూర్చుని నా నడుం పోయింది. ఇప్పుడు ఇరవై ఆరు నిమిషాలట! మొదటి బండికే ఎక్కి మీ ఇంటికి వస్తాను. మీ గృహప్రవేశానికి వచ్చిందే ఆఖరు, రెండేళ్ళు దాటిపోయింది.

పేజీ నిండాలి సుమా.
అక్క


ఫిబ్రవరి 14

అక్కా,

నీ ఉత్తరం చదివి ఆఫీసులో ఒక్కడినే నవ్వుకున్నాను.

రొట్టెల కొట్టావిడకి ఇలా చెప్పు. డ్రైవరున్న బండిలో తలుపులు మూసే ముందు ఆయన అద్దంలో ఒకసారి వెనక్కి చూస్తాడు. ఎవరైనా పరుగెత్తుకొస్తున్నారా, ఎవరి చెయ్యైనా మధ్యలో ఉందా అని. ఇక్కడ చూసేవాడు లేడు కాబట్టి తలుపే చూసుకోవాలి. తన మధ్య ఏదైనా ఉంటే తలుపుకి తెలియాలి, తెలిసి తెరుచుకోవాలి. తెలుస్తోందా లేదా అని రోజంతా చెక్కముక్కలూ, చేతి తొడుగులూ, గొడుగులూ అడ్డం పెట్టి మూస్తూ ఉండడం నా పని. గొళ్ళేనికి ఇంత తెలివి ఉండదని చెప్పు.

ఒక మాట అక్కా. మొదటి రోజు రావద్దు. మొదటి నెలలోనే వద్దు. జనం విరగబడతారు, తోపులాటగా ఉంటుంది. నీకు గంట కూడా వినపడదు. ఇంట్లో కూడా ఇప్పుడు అంత వీలుగా లేదు. జూన్ దాటాక నేనే వచ్చి తీసుకెళ్తాను.

ఇక్కడ పని ఒత్తిడి ఎక్కువగా ఉంది. ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. నాలుగు రోజులుగా అది నా బల్ల మీదే ఉంది. తిండి సయించడం లేదు. అంతకంటే ఏమీ లేదు, కంగారు పడకు.

పేజీ నిండింది చూడు.
నీ తమ్ముడు


ఫిబ్రవరి 18

చిన్నా,

జనం ఉంటారని నన్ను రావద్దన్నావు. పద్దెనిమిదేళ్ళు మగ్గాల మిల్లులో మూడొందల మంది మధ్య పనిచేసిన దాన్ని, చెవులు అక్కడే పోగొట్టుకున్న దాన్ని. నాకు జనం కొత్తా?

సరే, అసలు మాట నేనే అనేస్తాను. మీ గృహప్రవేశంలో నేను గట్టిగా మాట్లాడాను. నా గొంతు ఎంత పైకి వెళ్తోందో నాకు తెలియదు కదా. మరదలి ఆఫీసువాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. మరదలు నా భుజం మీద చెయ్యి వేసి "మెల్లగా వదినా" అంది. ఆ రెండు మాటలూ పెదవుల మీద చక్కగా చదివాను. తప్పని అననులే. కానీ ఆ తర్వాత మీరు ఒక్కసారి కూడా రమ్మనలేదు. రెండేళ్ళుగా ఆ పిల్ల చేత్తో ఒక్క అక్షరం రాలేదు. ఇప్పుడు "ఇంట్లో వీలుగా లేదు" అంటున్నావు. అర్థం కానంత చిన్నపిల్లనా?

ఇంతవరకూ కోపంతో రాశాను. తర్వాత పొయ్యి దగ్గరకు వెళ్ళి వచ్చి నీ ఉత్తరం మళ్ళీ చదివాను. ఏం కాగితంరా అది? తిండి సయించనంత సంతకం ఏమిటి? ఇంట్లో వీలుగా లేకపోవడానికీ ఆ కాగితానికీ ఏమైనా సంబంధం ఉందా? మీ ఇద్దరి మధ్యా ఏమైనా జరిగిందా? నువ్వు చిన్నప్పటి నుంచీ అంతే. జ్వరం వస్తే చెప్పేవాడివి కాదు, ఒళ్ళు కాలుతుంటే నేనే పట్టుకుని చూడాల్సి వచ్చేది.

దాచకుండా రాయి. ఇక్కడ కూర్చుని నేను ఏదేదో ఊహించుకుంటున్నాను. నిన్న ఒక చొక్కాకి కాలరు తిరగేసి కుట్టేశాను.

అక్క


ఫిబ్రవరి 22

అక్కా,

నువ్వు ఊహించుకునేదేమీ లేదు. సంతకం పెట్టేశాను. అయిపోయింది. ఇక దాని గురించి అడక్కు, దయచేసి. పెట్టి ఉండకూడదేమో అనిపిస్తోంది, కానీ పెట్టేశాక అనుకుని ఏం లాభం.

మీ మరదలికి ఈ విషయం తెలియదు. నువ్వు ఆమెకు ఉత్తరం రాస్తే ఇదేమీ ఎత్తకు.

గృహప్రవేశం సంగతి నువ్వు ఇంకా మనసులో పెట్టుకున్నావని నాకు తెలియదు. దాని గురించి తీరిగ్గా రాస్తాను. ఇప్పుడు కాదు.

రెండో తారీఖు మాత్రం రావద్దు. నా మీద ఒట్టు అనుకో.

నీ తమ్ముడు


ఫిబ్రవరి 26

చిన్నా,

సంతకం పెట్టేశావా? భార్యకి తెలియకుండా పెట్టాల్సిన కాగితం లోకంలో ఎన్ని రకాలు ఉంటాయిరా? మీ బావని అడిగాను. ఆయన పలక మీద "విడాకులు" అని రాసి, వెంటనే చెరిపేశారు. నేను చూడలేదనుకున్నారు.

ఎవరి తప్పో నాకు తెలియదు. కానీ ఆ పిల్లకి చెప్పకుండా ఆ పని చేసి ఉంటే మాత్రం నేను నీ వైపు ఉండను. ముందే చెబుతున్నాను. ఇంకో మాట కూడా మనసులో తొలుస్తోంది. ఇదంతా నా వల్ల మొదలైందేమో. ఆ రోజు ఆమెకు నా వల్ల తలవంపులయ్యాయి, అక్కడి నుంచి మాట మాటా పెరిగిందేమో. అలాగైతే ఆమె చేతులు పట్టుకుని సర్దిచెప్పాల్సింది నేనే.

ఒట్లు వేసి నన్ను ఆపలేవు. సోమవారం మొదటి బండికి బయలుదేరుతున్నాను. నా చెవుల గురించి బెంగ పెట్టుకోకు, గడియారాల బాబాయి తోడు వస్తున్నారు. ఆయనకి మీ ఊళ్ళో గడియారం సామాన్లు కొనుక్కునే పని ఉంది, ఆ బండి మీద మోజు కూడా ఉంది. పనిముట్లు పెట్టుకోవడానికి ఆయనకి ఒక సంచి కుట్టిచ్చాను. మరదలికి కూడా ఒకటి కుట్టాను, రంగు నచ్చుతుందో లేదో.

నేను వచ్చేవరకూ ఇంకే కాగితం మీదా చెయ్యి పెట్టకు.

అక్క


మార్చి 1

అక్కా,

నీ ఉత్తరం ఇవాళ మధ్యాహ్నం అందింది. ఇది నీకు ఎప్పుడు అందుతుందో తెలిసి కూడా రాస్తున్నాను, రాయకపోతే ఉండలేను. బావకి ఫోన్ చేశాను. మీ వైపు సిగ్నల్ సంగతి తెలుసు కదా, సగం మాటలు గాలికి పోయాయి. "అక్కని బండి ఎక్కొద్దని చెప్పండి, ఎక్కొద్దు" అని నాలుగుసార్లు అరిచాను. "సరే సరే, చెప్తాను" అన్నారు.

విడాకులు కాదు. మేమిద్దరం బాగానే ఉన్నాం. తలుపులన్నీ సరిగ్గా పనిచేస్తున్నాయని రాసిచ్చే కాగితం అది.

తలుపు మధ్య వేలు పెడితే తెలుస్తుంది, తెరుచుకుంటుంది. గొడుగు పెట్టినా తెలుస్తుంది. కానీ పల్చటి నాడా లాంటిది, సంచి పట్టీ, కోటు అంచు పెడితే, పదిసార్లలో మూడుసార్లు తలుపుకి తెలియలేదు. "మూసుకున్నాను, అడ్డేమీ లేదు" అని బండికి చెప్పింది. బండి నమ్మి కదిలింది. ఆ మూడుసార్లూ నేను చూశాను, నోట్‌బుక్కులో రాశాను. ఊళ్ళోని స్టేషన్లలో ప్లాట్‌ఫాం అంచున అద్దాల గోడ ఉంది, దానికి వేరే తలుపులు ఉన్నాయి, అక్కడ ప్రమాదం లేదు. మీ వైపు చివరి మూడు స్టేషన్లకి ఆ గోడలు ఇంకా రాలేదు. జూన్‌లో వస్తాయట.

మా చీఫ్ దగ్గరకు రెండుసార్లు వెళ్ళాను. ఆయన చెడ్డమనిషి కాదు. "ఆ మూడు స్టేషన్ల వాళ్ళు ఇరవై ఏళ్ళుగా దారి లేకుండా ఉన్నారు. ఇంకో నాలుగు నెలలు ఆగమని నువ్వెళ్ళి చెప్తావా? మీ అక్కగారిది కూడా అటువైపేగా?" అన్నారు. నాకు నీ నడుం నొప్పి గుర్తొచ్చింది. ఆ బస్సు గుర్తొచ్చింది. సంతకం పెట్టాను.

ఇది ఎవరికీ చెప్పకూడదు. అందుకే నీళ్ళు నమిలాను. అక్కా, రేపు ఎక్కకు. ఎక్కితే సంచి పట్టీ చేతికి చుట్టుకోవద్దు, దేన్నీ వేలాడనివ్వద్దు, తలుపుకి దూరంగా నిలబడు.

చిన్నా


మార్చి 3

చిన్నా,

నువ్వు ఈపాటికి వినే ఉంటావు. అయినా నా చేత్తో రాయాలి.

ఆదివారం నీ ఫోను వచ్చిందని మీ బావ పలక మీద రాశారు. "రావద్దంటున్నాడు." నాకు ఒళ్ళు మండింది, పలక తిప్పి పెట్టేశాను.

సోమవారం పొద్దున స్టేషన్ కిటకిటలాడిపోయింది. రొట్టెల కొట్టావిడ కూడా కొట్టు కట్టేసి వచ్చింది. నేను ముందు ఎక్కాను. గడియారాల బాబాయి మోకాళ్ళ సంగతి తెలుసుగా, ఆయనకి రెండు చేతులూ ఖాళీగా ఉంటే తప్ప మెట్టు ఎక్కలేరు. సంచి నాకు అందించి "పట్టుకో" అన్నారు. నేను సంచి గుండెకి హత్తుకుని, వెనక వాళ్ళని కాస్త జరగమని చెప్పి, ఆయనకి చెయ్యి ఇద్దామని ఇటు తిరిగాను. మా మధ్య తలుపు ఉంది.

గంట మోగిందట. అందరూ అంటున్నారు, మోగిందని.

ఆయన అద్దం అవతల నవ్వారు, "పర్లేదు, తర్వాత బండికి వస్తాను" అన్నట్టు తల ఊపారు. నేనూ నవ్వాను. అప్పుడు బండి కదిలింది, సంచి నా చేతుల్లోంచి తలుపు వైపు లాక్కుపోయింది. ఎందుకో నాకు ఒక క్షణం అర్థం కాలేదు. ఆయన పట్టీని చేతికి రెండు చుట్లు చుట్టుకుని, విప్పడం మరిచిపోయారు. సంచి లోపల, ఆయన బయట. మధ్యలో తలుపు మూసుకుని ఉంది.

ఆయన నడిచారు. తర్వాత పరుగెత్తారు, డెబ్బై ఏళ్ళ మనిషి. అద్దంలోంచి ఆయన నోరు తెరుచుకోవడం చూశాను. నేను అరిచాను. ఎంత గట్టిగా అరిచానో, ఈసారి ఎవరూ మెల్లగా అనలేదు. ఎర్ర పిడి ఉంది, లాగాను. రెండు చేతులతో లాగాను. బండి ఆగలేదు. ముందుకెళ్ళి చెబుదామంటే ముందు ఎవరున్నారు? అప్పుడు మెడలో వేలాడుతున్న దారం కత్తెర గుర్తొచ్చి తలుపు దగ్గర పట్టీని కోశాను. గట్టి నాడా. తెగకూడదని రెండు వరసల కుట్టు వేసింది నేనే. నాలుగుసార్లు కోస్తే గాని తెగలేదు. తెగగానే ఆయన నాకు కనపడకుండా పోయారు.

ఆ తర్వాత ఏడు నిమిషాలు, చిన్నా. తర్వాతి స్టేషన్‌కి ఏడు నిమిషాలు. కింద చిత్తడి. తలుపు పక్కన ఒక జాలీ, దాని మీద పచ్చ దీపం వెలుగుతోంది. అందులోంచి ఎవరో మాట్లాడుతున్నారని పక్కవాళ్ళు సైగ చేశారు. నేను దానికి నోరు పెట్టి, "నాకు వినపడదు, ఆయన పడిపోయారు, బండి వెనక్కి తిప్పండి" అని చెబుతూనే ఉన్నాను. బతికున్నారో లేదో తెలియకుండా ఆయన సంచి పట్టుకుని కూర్చున్నాను.

బతికే ఉన్నారు. రెండు పక్కటెముకలు, కుడి మణికట్టు. మణికట్టు బాగా నలిగిందని డాక్టరు చెప్పాడు. కుడి చెయ్యి, చిన్నా. పట్టకారుతో ఆవగింజంత చక్రాలు ఎత్తే చెయ్యి.

నిన్ను ఒక్కటే అడుగుతున్నాను, ఈ పని తెలిసినవాడివి కాబట్టి. గంట వినపడి ఉంటే నేను ఆయన్ని ముందే లాగి ఉండేదాన్నా? నా తప్పా? నిజం చెప్పు. మీ బావ కాదంటారు, కానీ ఆయన నా మొగుడు, అలాగే అంటారు.

అక్క


మార్చి 5

నీ ఒకటో తారీఖు ఉత్తరం ఇవాళ వచ్చింది. రెండుసార్లు చదివాను.

నీకు తెలుసు. నేను ఇంతకంటే ఏమీ రాయలేను.


మార్చి 8

అక్కా,

నీ రెండు ఉత్తరాలూ ఒకేరోజు అందాయి. ముందు మూడో తారీఖుది చదివాను. "నా తప్పా?" అన్న చోట ఆగిపోయాను. తర్వాత రెండోది చదివాను.

నీ తప్పు కాదు. గంట తలుపు మూసుకోవడానికి రెండు సెకన్ల ముందు మోగుతుంది. చెవులున్నవాళ్ళు కూడా ఆ రెండు సెకన్లలో ఆయన్ని లోపలికి లాగలేరు. నువ్వు లాగిన పిడి, బండి కదిలాక తర్వాతి స్టేషన్‌లోనే ఆపుతుంది. వంతెన మీద ఆగితే జనం దిగడానికి చోటుండదని అలా పెట్టారు. ఆయన ప్రాణం నిలబెట్టింది నువ్వు కోసిన కోతే. ప్లాట్‌ఫాం చివర ఇనుప కంచె ఉంది. ఇంకో పది అడుగులు వెళ్ళి ఉంటే... నేను అక్కడికి వెళ్ళి ఆ దూరం కొలిచాను.

పేపర్లో వచ్చింది చూశావో లేదో. "వినికిడి లోపమున్న ప్రయాణికురాలు హెచ్చరిక గంటను గమనించకపోవడంతో" అని రాశారు. అది మా ఆఫీసు ఇచ్చిన ప్రకటనే. చీఫ్ నన్ను పిలిచి "విచారణ అయ్యేదాకా నోరు మెదపకు, నీ సంతకం కూడా దాని మీద ఉంది" అన్నారు. భయపెట్టడానికి కాదు, ఆయన కూడా భయపడే అన్నారు.

మీ మరదలికి అన్నీ చెప్పేశాను. నీ ఉత్తరాలన్నీ చూపించాను. విడాకుల దగ్గర నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. ఆ రోజు "మెల్లగా వదినా" అన్నది నీ గొంతు గురించి కాదట. నువ్వు వేడి గిన్నె ఎత్తబోతుంటే చెయ్యి కాలుతుందని అందట. నువ్వు ఆ తర్వాత మాట్లాడకుండా వెళ్ళిపోయావని, నీకు తన మీద కోపమని, రెండేళ్ళుగా రాయడానికి జంకుతోంది.

అక్కా, నా నోట్‌బుక్కు నా దగ్గరే ఉంది. ఆ మూడుసార్లూ, తారీఖులతో సహా అందులో ఉన్నాయి. విచారణ పదహారున. దాన్ని పట్టుకెళ్తే ఉద్యోగం పోవచ్చు, ఇంకా పెద్దదే కావచ్చు. పైగా చివరి మూడు స్టేషన్లూ మూసేస్తారు. మీకు మళ్ళీ దారి ఉండదు. నేనేం చెయ్యను? నువ్వు చెప్పు.

చిన్నా


మార్చి 12

చిన్నా,

నేను చెప్పాలా? నన్ను అడిగి సంతకం పెట్టావా, ఇప్పుడు నన్ను అడిగి నోరు విప్పడానికి?

మొన్న మీ ఆఫీసు నుంచి ఒకాయన వచ్చాడు. నా వాంగ్మూలం తీసుకోవడానికట. కాగితం మీదకి తల వంచుకుని ప్రశ్నలు అడిగాడు. "బాబూ, మొహం ఇటు పెట్టి అడుగు, పెదవులు చూస్తే గాని నాకు తెలియదు" అన్నాను. ఒకసారి తల ఎత్తాడు, మళ్ళీ వంచేశాడు. చివరికి రాసింది నా ముందు పెట్టాడు. "గంట వినలేదని అంగీకరించారు." వినలేదు నిజమే కదా, సంతకం పెట్టమన్నాడు. పెట్టలేదు. నేను చదువుకున్నది ఏడో తరగతే అయినా, నిజమైన మాటలతో అబద్ధం ఎలా కుడతారో చూస్తే తెలుస్తుంది. కుట్టుపని చేసేదాన్ని.

ఇక మా వీధి సంగతి. పాత బస్సు తీసేశారు. బండి మాత్రం రోజూ నడుస్తూనే ఉంది, జనం ఎక్కుతూనే ఉన్నారు. రొట్టెల కొట్టావిడ నా గుమ్మంలోకి వచ్చి, నాకు అర్థమయ్యేలా ఒక్కో మాటా విడదీసి చెప్పింది. "గొడవ పెద్దది చెయ్యకండి. మా అబ్బాయి ఆసుపత్రికి వారానికి రెండుసార్లు వెళ్ళాలి. బండి ఆపేస్తే వాడేమైపోతాడు?" ఆమెదీ నిజమే. ఆ అబ్బాయి ఎక్కేది కూడా ఆ తలుపుల్లోంచే అని చెప్పాలనుకున్నాను. నోరు రాలేదు, నీ ఉత్తరం నా పెట్టెలో దాచుకుని ఉన్నాను కాబట్టి. నీ భయం నాకు అంటించావు. బండి వెళ్ళిన ప్రతిసారీ పని ఆపి కూర్చుంటున్నాను.

నువ్వు నా నడుం నొప్పి చూసి సంతకం పెట్టానన్నావు. ఆ మాట ఇంకెప్పుడూ అనకు. నా మీద పెట్టకు.

మరదలికి చెప్పు, వేడి గిన్నె సంగతి నాకు తెలియదని. రెండు మాటలు చదివాను గాని మూడోది చూడలేదు. ఆమెకు వేరుగా రాస్తాను.

అక్క


మార్చి 20

అక్కా,

పదహారున వెళ్ళాను. నోట్‌బుక్కు తీసుకెళ్ళాను.

పొడవాటి బల్ల, ఐదుగురు. మొదటి అరగంట అందరూ గంట గురించే మాట్లాడారు. ఎంత శబ్దం, ఎన్ని సెకన్లు. నా వంతు వచ్చాక నోట్‌బుక్కు తెరిచి బల్ల మీద పెట్టాను. మూడు తారీఖులూ చదివాను. అధ్యక్షురాలు ఒక పెద్దావిడ, కళ్ళజోడు తీసి అడిగింది.

"ఈ మూడుసార్లు మీ కళ్ళతో చూశారా?"

"చూశానండి."

"చూశాక కూడా సంతకం పెట్టారా?"

"పెట్టానండి."

"ఎందుకు?"

ఎన్నో జవాబులు అనుకుని వెళ్ళాను. "పెట్టకుండా ఉండే ధైర్యం లేక" అన్నాను. నీ నడుం గురించి అనలేదు. చీఫ్ నా పక్కనే కూర్చుని ఉన్నారు. నేను చెప్పాక ఆయన లేచి, "ఇతను నా దగ్గరకి రెండుసార్లు వచ్చాడు, అది కూడా రాసుకోండి" అన్నారు. అలా అంటారని నేను అనుకోలేదు.

ఆ సాయంత్రమే చివరి మూడు స్టేషన్లు మూసేశారు. మీకు ఈపాటికే తెలిసి ఉంటుంది. నీ మీద ఇచ్చిన ప్రకటన వెనక్కి తీసుకుంటామని రాసిచ్చారు, ఆ కాగితం నకలు దీనితో పంపుతున్నాను. పాత బస్సు మళ్ళీ వేస్తున్నారు, ఆసుపత్రికి వెళ్ళేవాళ్ళకి వేరే వ్యాను. రొట్టెల కొట్టావిడకి చెప్పు. నేను అడిగానని కాదు, వేస్తున్నారని చెప్పు.

నన్ను తలుపుల విభాగం నుంచి తీసేశారు. మిగతా చర్య ఇంకా తేలలేదు. ఏప్రిల్ ఇరవైన మీ స్టేషన్లు మళ్ళీ తెరుస్తారు. గోడలు వచ్చేదాకా ప్రతి ప్లాట్‌ఫాం మీద ఒక మనిషి నిలబడి, తలుపులన్నీ చూసి చెయ్యెత్తితేనే బండి కదిలేలా మార్చారు. మీ చివరి స్టేషన్‌లో ఆ పని నాకివ్వమని అడిగాను. ఇచ్చారు. తోటివాళ్ళు అది శిక్ష అనుకుంటున్నారు. ఇంజనీరు చెయ్యెత్తే పనికి వెళ్ళాడని నవ్వుకుంటున్నారు కూడా.

మీ మరదలు నీ ఉత్తరం అందుకుని వంటగదిలోకి తీసుకెళ్ళి చదువుకుంది. నాకు చూపించలేదు.

ఇరవయ్యో తారీఖు మొదటి బండికి డ్యూటీ. మధ్యాహ్నం ఒక గంట విరామం ఉంటుంది. మీ ఇంటికి రావచ్చా?

చిన్నా


ఏప్రిల్ 3

చిన్నా,

జవాబు రాయడానికి ఇన్నిరోజులు ఎందుకు పట్టిందంటే, కూర్చున్న ప్రతిసారీ ఒక కోపం ఉత్తరం, ఒక ఏడుపు ఉత్తరం రాసి రెండూ చింపేశాను. ఇది మూడోది.

స్టేషన్లు మూశాక వీధిలో చాలామంది నాతో మాట్లాడటం మానేశారు. కొందరు గుమ్మం ముందు నిలబడి తిట్టారు. నాకు వినపడదు కాబట్టి తిట్లు సగమే అందాయి, మిగతా సగం మీ బావ పుచ్చుకున్నారు. నువ్వు పంపిన నకలు ఆయన మా కొట్టు తలుపుకి అంటించారు. రొట్టెల కొట్టావిడ దాని ముందు ఆగి చదివింది, వెళ్ళిపోయింది. మర్నాడు వ్యాను వచ్చి వాళ్ళ అబ్బాయిని ఎక్కించుకుంది. సాయంత్రం ఆవిడ నా దగ్గరకి వాడి చొక్కా తెచ్చి, చెయ్యి చిరిగింది కుట్టమంది.

గడియారాల బాబాయి ఇంటికొచ్చారు. కట్టు విప్పారు. నీ ఒకటో తారీఖు ఉత్తరం ఆయనకి చదివి వినిపించాను. నా పెట్టెలో ఇంక దాచలేకపోయాను. చివర్లో నేను తల ఎత్తితే, నా వైపు తిరిగి, నేను చదువుకోగలిగేలా నెమ్మదిగా అన్నారు. "మూడుసార్లు చూశాడు కదా, నాలుగోసారి నన్ను చూడమను."

ఇరవయ్యో తారీఖు రావచ్చా అని అడిగావు. రా. కానీ ముందు మా ఇంటికి కాదు, ఆయన ఇంటికి వెళ్ళు. ఆయన నిన్ను తిట్టరు, అదే నాకు భయం. కుర్చీ వేసి, ఎదురుగా కూర్చుని, కుడి చెయ్యి నీ ముందు పెట్టి వేళ్ళు ముడుస్తారు. మూడు ముడుచుకుంటాయి, రెండు ముడుచుకోవు. తల తిప్పుకోకు. ఆయన చెయ్యి తీసేదాకా చూడు.

ఆ తర్వాత మా ఇంటికి రా. నీకు కంచం పెడతాను. మాట్లాడతానో లేదో ఇప్పుడే చెప్పలేను.

అక్క